మూడో పిస్టన్

మా మేస్త్రి పోయారని ఫోను చేసి చెప్పింది ఆయన భార్యే. ఆమెను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. తిరుపతిలో నేను పాఠాలు చెప్పే పాలిటెక్నిక్ ఆఫీసుకు ఫోను చేసి, నన్ను క్లాసులోంచి పిలిపించింది. రిసీవరు చెవి దగ్గర పెట్టుకోగానే, "పాపా, మీ మేస్త్రి పొద్దన్నే పోయినాడు" అంది. గొంతులో ఏడుపు లేదు. మళ్లీ ఆమే అంది. "ఈ ఏడు వానలు బాగా పడినాయి గదా. ఆ బయంతోనే పోయినాడు."

వానలు బాగా పడ్డాయని భయపడిన మనిషి రాయలసీమలో ఉన్నాడంటే మీరు నమ్మరు. వరసగా కరువు చూసిన తర్వాత ఈ ఏడు చెరువులు నిండాయి. చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో చెరుకు మనిషెత్తు దాటింది. ఏళ్లుగా మూతపడి ఉన్న బెల్లం గానుగలను జనం బూజు దులిపి బాగు చేసుకుంటున్నారు. అందరి మొహాల్లోనూ సంతోషమే. మా మేస్త్రి మాత్రం మంచంలో పడుకుని కిటికీలోంచి మబ్బు కనిపిస్తే గోడవైపు తిరిగేవారట. ఆ భయం ఎందుకో తెలిసిన మనుషులం ఇద్దరమే, ఆయనా నేనూ. ఆ భయాన్ని ఆయన నెత్తిన పెట్టింది కూడా నేనే. ఈ మాట పదిమందిలో అననివ్వకుండా ఆయన ఏళ్ల తరబడి నా నోరు మూయించారు. ఇప్పుడు ఆయన లేరు, చెప్పేస్తాను.

తొంభైల మధ్యలో నేను తిరుపతిలో డిప్లొమా పూర్తి చేశాను. లోహాల గురించి చదివిన ఆడపిల్లకు ఫౌండ్రీలో పనివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆఫీసులో టైపు చేస్తావా అని అడిగినవాళ్లే ఎక్కువ. చివరికి చిత్తూరులో ఐరాల రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ముందు నిలబడ్డాను. లోపల ఖాకీ చొక్కా వేసుకున్న బక్కపలచటి మనిషి కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకుని నన్ను చూశారు. సర్టిఫికెట్లు ముట్టుకోలేదు. "అల్యూమినియంలో ఇనుము పడితే ఏమైతాది?" అని అడిగారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇనుము సూదుల్లాగా గడ్డకడుతుంది, లోహం పెళుసైపోతుంది, అందుకే దాన్ని దగ్గరికి రానివ్వకూడదు అన్నాను. "రేపట్నుంచి రా. నువ్వు సెప్పింది తప్పని సూపిస్తా" అన్నారు. అదీ నాకు జరిగిన ఇంటర్వ్యూ.

ఆయన పనేమిటో చెప్పాలంటే మా బెల్లం గానుగల సంగతి కొంచెం చెప్పాలి. చెరుకు ఆడే రోలర్లను తిప్పడానికి అప్పట్లో చాలా పల్లెల్లో డీజిలు ఇంజన్లే ఉండేవి. కరెంటును నమ్ముకుంటే పాకం పెనంలోనే ఉండిపోతుంది. డీజిలు ఖర్చు తగ్గుతుందని రైతులు దాంట్లో కిరసనాయిలు కలిపేవాళ్లు. కలపొద్దంటే వినేవాళ్లెవరు? పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆగకుండా ఆడే ఇంజను ఆ కలుపుతో మరీ వేడెక్కి, లోపలి పిస్టన్ తల కాలిపోయి గుంటపడేది. అది అల్యూమినియం. మామూలు అల్యూమినియం వేడి పెరిగేకొద్దీ మెత్తబడుతుంది. వేడికి ఆగే రకం కావాలంటే నికెల్ లాంటి ఖరీదైనవి కలపాలి, మద్రాసు నుంచి తెప్పించాలి. ఆ ధర విని రైతు లేచి వెళ్లిపోయేవాడు. అగ్గువగా వేడికి ఆగే అల్యూమినియం చేయాలన్నది మా మేస్త్రి పట్టుదల. ఆయన దగ్గర చదువు లేదు, ప్రయోగశాల లేదు. ఒక కొలిమి, ఒక ఆర్గాన్ వెల్డింగ్ సెట్టు, ఒక భూతద్దం ఉన్నాయి.

దారి దొరికింది ఒక పొరపాటు వల్ల. కరిగిన అల్యూమినియాన్ని ఇనప కడ్డీతో కలిపేటప్పుడు కడ్డీకి సున్నం పూయాలి, లేకపోతే ఇనుము కరిగి దిగుతుంది. ఒకరోజు పూత ఊడిన కడ్డీతో కలిపేశారట. మూసలో పోసిన ముద్ద సుత్తితో తడితే విరిగింది. కానీ పోసేటప్పుడు పక్కనున్న రాగి పలక మీద కొంత చిమ్మి, పలచగా రేకులాగా గడ్డకట్టింది. ఆ రేకును దినమంతా కొలిమి పక్కన వేడిలో ఉంచినా మెత్తబడలేదు, వంచితే విరగలేదు. అదే కరుగు, అదే ఇనుము. తేడా అంతా ఆరిన వేగంలోనే ఉంది.

"నిదానంగా ఆరితే ఇనుము అంతా ఒకతావ సేరేదానికి టైం దొరకతాది పాపా. సేరినారంటే కత్తులు తీస్తారు. బిన్నా, టక్కున ఆర్పేస్తే యాడోడు ఆడ్నే ఉంటాడు, కాపలా కాస్తాడు." ఇదీ ఆయన చెప్పిన శాస్త్రం. నా పుస్తకాల్లో నాలుగు పేజీల్లో ఉన్నదాన్ని ఇంతకంటే తేటగా నేను ఇప్పటికీ క్లాసులో పిల్లలకు చెప్పలేకపోతున్నాను.

అందుకే ఆయన పిస్టన్ తలను పోసేవారు కాదు, కట్టేవారు. ఇనుము, కాస్త మాంగనీసు కలిపిన కరుగును సన్నని కడ్డీలుగా పోసుకునేవారు. కాలిన పిస్టన్‌ను రాగి దిమ్మె మీద కూర్చోబెట్టి, దిమ్మెలో చన్నీళ్లు పారిస్తూ, ఆర్గాన్ వెల్డింగ్ మంటతో కడ్డీని కరిగించి వరస పక్కన వరస పెట్టేవారు. ఒక పొర ఆరాక దాని మీద ఇంకో పొర. మా పెద్దమ్మ వాకిట్లో ముగ్గు వేసినంత ఓపికగా ఉండేది ఆ పని. ఒక పిస్టన్ తల లేవడానికి ఒక పూట పట్టేది. ఒకసారి తిరుపతి నుంచి ఒక ప్రొఫెసరు చూడటానికి వచ్చి, విదేశాల్లో లోహపు పొడిని లేజరుతో పొర మీద పొర కరిగించి వస్తువులు కట్టే మిషన్లు వస్తున్నాయని, మీరు చేసేదీ అలాంటిదేనని అన్నాడు. మేస్త్రి అంతా విని, "వానొస్తే ఆ మిషను ఆపుతారా సామీ?" అని అడిగారు. ప్రొఫెసరు నవ్వి ఊరుకున్నాడు. మేస్త్రి నవ్వలేదు.

వాన వస్తే మా షెడ్డు మూసేసేవాళ్లం. గాలిలో నీళ్లున్నాయి, కరుగు తాగేస్తుంది అనేవారు. నీటిలోని హైడ్రోజన్‌ను కరిగిన అల్యూమినియం పీల్చుకుంటుంది, గడ్డకట్టేటప్పుడు అది బుడగలై లోపలే ఉండిపోతుంది. పైకి ఏమీ కనిపించదు. కడ్డీలను వట్టి చేత్తో ముట్టనిచ్చేవారు కాదు. చెమట తగిలితే ఆ కడ్డీ పక్కకే. ప్రతిదాన్నీ వాడేముందు స్పిరిట్ గుడ్డతో తుడిచి, వేడి పెట్టెలో పెట్టి తీయాలి. శనివారం శనివారం ఆ వారం కడ్డీలతో ఒక ముక్క కట్టి, దినమంతా కొలిమిలో ఉంచి, సాయంత్రం దిమ్మె మీద పెట్టి విరగ్గొట్టేవారు. విరిగిన ముఖాన్ని భూతద్దంతో చూసేవారు. "ఇరిస్తేనే లోపలి మాట బయటికి వస్తాది" అనేవారు. నాకు ఆ శనివారం సుత్తి దెబ్బంటే పడేది కాదు. బాగున్నదాన్ని కావాలని విరగ్గొట్టడం మా ఇంట్లో ఎవరూ చేసేవాళ్లు కాదు.

మూడేళ్లలో మా పిస్టన్లు జిల్లా అంతా పాకాయి. ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ ఏడాది దసరాకు రెండురోజుల ముందు మేస్త్రి స్కూటరు మీదనుంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. విరిగిన ఎముకలకు కట్టుకట్టే పుత్తూరు తీసుకెళ్తే కోడిగుడ్డు సొన, ఆకు పసరు పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టుకట్టారు. రెండోకట్టు దాకా ఉండి పొమ్మన్నారు. దాంతో ఆయుధ పూజ నామీద, పెద్దమ్మ మీద పడింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్రతి ఏడూ పూజకు ముందురోజు మేస్త్రి కడ్డీల కట్టను గోనెసంచిలో చుట్టి ఇంటికి తీసుకుపోయేవారు. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు. పూజ వల్ల కడ్డీ చెడుతుందని పెద్దమ్మ ఎదుట ఎలా అంటారు? ఆమె నోటితో తిట్టకపోయినా ఆ దినమంతా అన్నం తినదు. నేను మాత్రం దొంగల భయం అనుకున్నాను.

ఆ రోజు ఇద్దరం షెడ్డంతా కడిగాం. సుత్తులు, పట్టకార్లు, వెల్డింగ్ సెట్టు, కొలిమి అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టాం. మూలనున్న కొత్త కడ్డీల కట్ట చూసి నేను తటపటాయించాను. పెద్దమ్మ అంది, "అన్నిటికీ పెట్టి మనకి కూడు పెట్టేదానికి పెట్టకుండా పోతే ఎట్ల పాపా?" నిజమే అనిపించింది. కట్ట విప్పి, ప్రతి కడ్డీనీ కడిగి, తడిపిన పసుపు నిండా రాశాను. మూడు వేళ్లతో కుంకుమ బొట్లు పెట్టాను. ఎంత ముచ్చటగా ఉన్నాయో! ఆ ముచ్చట నాకు ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తూ ఉంటుంది.

మరునాడు విజయదశమి. గానుగల సీజను మొదలవబోతోంది, మూడు పిస్టన్లకు రైతులు వచ్చి కూర్చున్నారు. మొదలుపెట్టడానికి అంతకంటే మంచిరోజు ఏముంటుందనుకున్నాను. అప్పటికి నా చేతి వరస మేస్త్రి వరసకు తీసిపోదని ఆయనే ఒప్పుకున్నారు. కడ్డీలు తుడిచాను, ఎండలో పెట్టాను, వేడి పెట్టెలోనూ పెట్టాను. గరుకు కడ్డీ సందుల్లో పసుపు ఇంకా ఉందని చూడలేదు, చూసినా దేవుడి పసుపు ఏం చేస్తుందనుకునేదాన్ని. రెండురోజుల్లో మూడు పిస్టన్లు కట్టి పంపేశాను. శనివారం వచ్చింది. పూజ చేసిన కడ్డీతో ముక్క కట్టి సుత్తితో విరగ్గొట్టడానికి చెయ్యి రాలేదు. అశుభం అనిపించింది. ఈ ఒక్క వారం వద్దులే అనుకున్నాను.

మేస్త్రి ఆ తర్వాతి వారం వచ్చారు, చెయ్యి మెడకు వేలాడేసుకుని. షెడ్డులోకి రాగానే కింద పడి ఉన్న కడ్డీ తునకను ఎడమచేత్తో తీసి వెలుతుర్లో పెట్టి చూశారు. చాలాసేపు చూశారు. "ఇదేంది పాపా పచ్చగా ఉండాది?"

చెప్పాను. ఆయన అరవలేదు. ఆ కడ్డీలతోనే ఒక ముక్క కట్టమన్నారు. కట్టాను. విరగ్గొట్టమన్నారు. విరిగిన చోట గసగసాలు చల్లినట్టు బొక్కలు. తడి పసుపు మంటలో కాలి వదిలిన హైడ్రోజన్ బుడగలు, భూతద్దం అక్కర్లేకుండానే కనిపించాయి. ఆయన ఆ ముక్కను దిమ్మె మీద పెట్టి, "ఎన్ని పోయినాయి?" అని అడిగారు.

"మూడు."

"పద."

మొదటిది చిత్తూరు పక్కనే ఒక పల్లెలో దొరికింది. ఇంకా గానుగ మొదలుకాలేదు, పిస్టన్ సంచిలోనే ఉంది. రైతు చేతిలోంచి దాన్ని తీసుకుని నా సంచిలో వేసుకున్నాను. రెండోది ఐరాల దగ్గర. బస్సు దిగి గట్టు మీద నడుస్తుంటే దూరంగా గానుగ పాక కనిపించింది. పొగ లేదు. సీజనులో పొయ్యి వెలిగాక పొగ ఆగదు. మేస్త్రి నడక నిదానమైపోయింది. నేను ముందుకు పరిగెత్తబోతే ఆగమన్నట్టు చెయ్యెత్తారు.

ముందురోజే పిస్టన్ తల పగిలింది. దాని కిందున్న కనెక్టింగ్ రాడ్డు ఇంజను పొట్టను చీల్చుకుని బయటికి వచ్చింది. ఇంజను పక్కన నిలబడ్డ మనిషి మోకాలి కింద ఎముక విరిగింది, సలసల కాగే ఆయిలు పాదం మీద పడింది. పాకలో నులక మంచం మీద పడుకోబెట్టి ఉన్నారు. ఆయన భార్య మమ్మల్ని చూసి లేచింది.

"ఎవురు సేసినారీ పిస్టను?"

"నేనేమ్మా" అన్నారు మేస్త్రి.

ఆమె ఆయన కట్టును ఎగాదిగా చూసింది. "నీ సెయ్యే ఇరిగుండాది. నువ్వెట్ల సేసినావు?"

నేను నోరు తెరిచాను. మేస్త్రి చెప్పుకాలితో నా కాలు తొక్కారు. గట్టిగానే తొక్కారు. "కడ్డీ పోసింది నేను. షెడ్డు నాది. పని నాదేమ్మా. ఏమంటావో నన్ను అను" అన్నారు. ఆమె అంది. అనవలసినవన్నీ అంది. ఆయన తల వంచుకుని విన్నారు. తర్వాత ఆ మనిషిని వ్యానులో ఎక్కించుకుని ఆయనే పుత్తూరు తీసుకెళ్లారు. కట్టు విప్పించుకోవలసినవాడు ఒకడు, కట్టించుకోవలసినవాడు ఒకడు, ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు.

ఆ రోజు వెనక్కి వస్తూ అడిగాను, ఎందుకు చెప్పనివ్వలేదని. "నువ్వు సేసినావని తెలిస్తే పసుపు సంగతి ఎవురికీ పట్టదు పాపా. ఆడపిల్ల సేసింది, అందుకే పగిలింది అంటారు. ఈ జిల్లాలో ఇంగ ఏ ఆడపిల్ల సేతికీ మంట ఇయ్యరు. గమ్మునుండు" అన్నారు. ఇంకాసేపటికి, "కడ్డీలు ఎందుకు దాస్తానో నీకి సెప్పకపోయింది నేను గదా" అన్నారు.

గమ్మునున్నాను. దాని ఫలితం ఏమిటో అప్పుడు నాకు తెలియలేదు. పసుపు సంగతి చెప్పకపోతే జనం దేన్ని తప్పు పడతారు? ఇనుమునే. అల్యూమినియంలో ఇనుము కలిపే పిచ్చిమేస్త్రి అన్నారు, ముందే అనుకున్నామన్నారు. తాను ఏళ్లపాటు కష్టపడి కనిపెట్టిన లోహానికి చెడ్డపేరు వస్తుంటే ఆయన వింటూ కూర్చున్నారు. ఒక్క మాట చాలు ఆ పేరు నిలబడటానికి. ఆ మాట ఆయన అనలేదు, నన్ను అననివ్వలేదు. రెండేళ్లలో షెడ్డు మూతపడింది. నాకు పాలిటెక్నిక్‌లో ఉద్యోగం వచ్చింది. దరఖాస్తు రాయించింది కూడా ఆయనే. నేనంత సిగ్గులేకుండా ఎలా వెళ్లి చేరానో నాకే తెలియదు.

ఇక మూడో పిస్టన్. అది తమిళనాడు సరిహద్దులో ఒక పల్లెకు వెళ్లింది. ఐరాల వెళ్లొచ్చిన మరునాడు పొద్దున్నే మేం పోయేసరికి రైతు వసారాలో కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు.

"ఇంజనా? మీ పిస్టను ఏయించి అమ్మేస్తినే! కరెంటు మోటరు పెట్టుకుంటి. పుత్తూరు పక్కనుంచి ఒకాయన వచ్చి ట్రాక్టర్లో ఎత్తుకోని పాయ."

"పేరేమప్పా?"

"పేరెవురు అడిగినారు? పొడుగ్గా ఉండాడు. ఇంజను గుర్తంటే, చక్రం ఆకు ఒకటి పగిలితే ఇనప పట్టీ ఏసి బోల్టులు బిగించినా. అదే గుర్తు."

ఆ ఒక్క గుర్తు పట్టుకుని మేస్త్రి ఆదివారం ఆదివారం పుత్తూరు చుట్టూ ఉన్న పల్లెలన్నీ తిరిగారు. ఇంట్లో మాత్రం మణికట్టుకు నూనె రాయించుకోవడానికి పోతున్నానని చెప్పేవారు. ఆ సీజను అంతా పేపరు తెరిస్తే నాకు భయం. ఇంజను పగిలి ఎవరో పోయారన్న వార్త కోసం రోజూ వెతికి, లేదని నిర్ధారించుకుని టీ తాగేదాన్ని. మరుసటి ఏడు దొరికింది. కొన్న పెద్దాయన ఒక సీజను ఆడించి, ఆ ఎండాకాలంలో చనిపోయాడు. ఇద్దరు కొడుకులకూ భాగాల తగాదా. గానుగ పాకకు అన్న ఒక తాళం, తమ్ముడు ఒక తాళం వేశారు. కిటికీ ఊచల్లోంచి చూస్తే చీకట్లో ఇంజను, చక్రానికి ఇనప పట్టీ.

కొత్త పిస్టన్ ఊరికే ఇస్తాను, మార్చుకుపోతాను అని మేస్త్రి బతిమాలారు. అన్నేమో, "తమ్ముడు పంపించినాడా నిన్ను? తాళం తీపించేదానికి ఇదొక ఎత్తా?" అన్నాడు. తమ్ముడు కూడా అదే మాట, అన్న పేరు పెట్టి. అంతలో కరువు వచ్చింది. చెరుకు లేదు, గానుగ అక్కర్లేదు, తగాదా తీరే తొందరా లేదు. ఏడాదికి ఒకసారి మేస్త్రి వెళ్లి తాళాలు చూసి వచ్చేవారు. వస్తూ తిరుపతిలో దిగి, మా కాలేజీ గేటు దగ్గర నిలబడి, "రెండు తాళాలూ ఉండాయి పాపా" అని చెప్పి మళ్లీ బస్సెక్కేవారు. ఊరంతా వాన కోసం కప్పలకు పెళ్లి చేస్తుంటే మేమిద్దరం కరువు చల్లగా ఉండాలని కోరుకున్నాం. ఇంత పాపపు కోరిక ఎవరితో చెప్పుకుంటాం?

అన్నదమ్ములిద్దరూ మాట వినకపోయినా చిన్న కోడలు మాత్రం వింది. మేస్త్రి తన చిరునామా రాసిన పోస్టుకార్డు ఆమె చేతికిచ్చి, తాళం తీసినరోజు దీన్ని డబ్బాలో వేయమ్మా అన్నారు. పాత కార్డు నలిగిపోయి ఉంటుందని ఏటా కొత్తది ఇచ్చేవారు.

ఆయన్ను నేను ఆఖరుసారి చూసింది పోవడానికి నెల ముందు. గుండె నీరసించింది, పడక దిగడం లేదు. బయట ముసురు. "చెరుకు ఎట్లుండాది?" అని అడిగారు. బాగుందన్నాను. "అయితే రాజీ అయితారు. పైరు బాగుంటే అన్నదమ్ములకి బుద్ధొస్తాది" అని కళ్లు మూసుకున్నారు. కళ్లు తెరవకుండానే, "కార్డొస్తే నువ్వు పో" అన్నారు.

"పోతాను. నేనే చేశానని కూడా చెప్తాను."

తొక్కడానికి ఆయన కాలు దుప్పటి కింద ఉంది.

కార్డు పదకొండో రోజున వచ్చింది. కర్మ చేయించి బంధువులు భోజనాలకు కూర్చునే వేళ పోస్టుమాన్ తెచ్చాడు. పెద్దమ్మ చదవలేదు, నా చేతికిచ్చింది. దాంట్లో ఒక్క వాక్యం. "తాళాలు తీసినారు, బుధవారం ఆడిస్తారు." ఆ రోజు గురువారం.

విస్తరి ముందు నుంచి లేచి వెళ్లాను. మంచి కంపెనీ పిస్టన్ ఒకటి ముందే కొని సంచిలో పెట్టుకున్నాను. పుత్తూరు బస్టాండు దగ్గర ఒక మెకానిక్‌ను వెంటబెట్టుకుని ఆటో ఎక్కాను. పల్లె ఇంకా రాకముందే వినిపించింది. నిదానంగా, ఒక్కొక్క దెబ్బగా ఇంజను చప్పుడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీలో, పగిలి ఆగిపోయిందేమో అనుకున్నాను.

పాకలో పెనం కింద మంట మండుతోంది. పిల్లలు చెరుకు రసం కోసం చెంబులు పట్టుకుని ఉన్నారు. చిన్న కోడలు గానుగ ముందు కూర్చుని రెండు చేతులతో గడలు అందిస్తోంది. ఆమె వీపుకూ ఇంజనుకూ మధ్య మూరెడు దూరం లేదు. "ఆపండి" అని అరిచాను. ఎవరికీ వినపడలేదు. అన్న దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"ఎవురమ్మా నువ్వు? ఈ పెనం దిగేదాకా ఆపేది లేదు."

"ఆ ఇంజనులో పిస్టన్ నేను చేశాను. తప్పు చేశాను. నేను చేసిందే ఒకటి ఐరాల దగ్గర పగిలి మనిషి కాలు విరిగింది. ఇన్నేళ్లూ మీ దగ్గరికి వచ్చిన ఆయన నా తప్పు తన నెత్తిన వేసుకుని తిరిగారు. ఆయన చేసిన లోహంలో దోషం లేదు, ఇనుములో దోషం లేదు. తప్పు నాది. ఆపండి."

అంత గట్టిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. అన్న తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు వంగి డీజిలు కట్టేశాడు. చక్రం ఇంకా చాలాసేపు తిరిగి, ఇనప పట్టీ పైకి వచ్చి ఆగింది.

చల్లారేదాకా ఎవరమూ ముట్టుకోలేదు. పిల్లలు చెంబులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత మెకానిక్ విప్పాడు. పిస్టన్ బయటికి తీసి, గుడ్డతో మసి తుడిచి, వెలుతుర్లో తిప్పి చూశాడు. తల మీద ఒక చివర మొదలైన బీట రెండో చివర దాకా వచ్చి, కొంచెంలో ఆగి ఉంది. మిగిలిన తల అంతా ఎక్కడా కాలలేదు, గుంట పడలేదు, అంచు మెత్తబడలేదు.

"బీట సరే. ఇంత కిరసనాయిలు తాగి తల ఇంత గట్టిగా ఉండేది నేను యాడా సూడలే" అన్నాడు మెకానిక్. "ఎవురిదమ్మా ఈ మాలు?"

"మా మేస్త్రిది" అన్నాను.

"ఆయప్ప రాలేదా? కార్డేసినా గదా" అంది చిన్న కోడలు. ఆయన పోయారని అప్పుడు చెప్పాను. ఆమె మెకానిక్ చేతిలోంచి పిస్టన్ తీసుకుని, బీట ఆగినచోట మిగిలిన జాగాకు తన చిటికెనవేలి గోరు ఆనించి చూసింది. గోరు ఆ జాగాను పూర్తిగా కప్పేసింది. పిస్టన్ నాకిచ్చి, గానుగ దగ్గరికి వెళ్లి, రోలర్ల మధ్య సగం నలిగి ఆగిపోయిన చెరుకు గడను పట్టుకుంది. లాగలేదు. పట్టుకుని అలాగే నిలబడింది.